ఇంటికి పోయి అన్నం తిన్నరు

రఘుపతి కాక ఏ సినిమానూ చివరిదాకా చూడడు. మధ్యాహ్నం ఒంటిగంటకు టీవీలో మొదలైన సినిమా ఇంకో పావుగంటలో అయిపోతుందనగా రిమోటు తీసుకుని ఆపేస్తాడు. లేచి మొహం కడుక్కుని, మేకుకు తగిలించిన తెల్లచొక్కా వేసుకుంటాడు. అప్పటిదాకా బియ్యం ఏరుతూ ఒక కన్ను టీవీ మీదే ఉంచిన ఆయన భార్య జమున చిన్నమ్మకు ఒళ్ళు మండుతుంది.

"జర ఉంచరాదు! ఆఖరికి ఏమైతదో చూస్త."

"ఏమైతది? ఇంటికి పోయి అన్నం తింటరు."

"వాని చేతిల కత్తి ఉన్నది. అన్నమెట్ల తింటడు?"

"కత్తి పక్కకు పెట్టి తింటడు."

గోదావరిఖనిలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఈ మాటలు నాకు రోజూ వినిపిస్తాయి. అవి వట్టి పరాచికాలే అనుకునేదాన్ని. ఎం.ఏ. చివరి సంవత్సరంలో నవలల్లో, సినిమాల్లో అన్నదమ్ముల పాత్రల మీద ప్రాజెక్టు రాస్తూ, ఈ చుట్టుపక్కల ఎక్కువ సినిమాలు చూసిన మనిషి ఎవరని అడిగితే అందరూ గోడ అవతలికే చూపించారు. అలా అడగడానికి పోయాకే ఈ సంగతంతా తెలిసింది.

రఘుపతి సొంతూరు సుల్తానాబాద్ దగ్గర. ఇక్కడ బొగ్గుగనిని బాయి అంటారు. తండ్రి బాయి పనికి అన్‌ఫిట్ అయితే ఆ కొలువు ఇరవై నాలుగో ఏట కొడుక్కి వచ్చింది. చేరిన ఆరు నెలల్లోనే అతనికి రెండు పేర్లు పడ్డాయి. ఒకటి సిన్మా రఘుపతి, రెండోది నాగాల రఘుపతి. గోదావరిఖనిలో కొత్త సినిమా పడిన రోజు అతను డ్యూటీకి నాగా పెట్టేవాడు. నచ్చితే మర్నాడు కూడా పెట్టేవాడు. నాలుగేళ్ళు చూసి విసిగిపోయిన షిఫ్టు పర్యవేక్షకుడు సర్దార్ చక్రపాణి, వీడు మారాలంటే ఒకటే మందు అని, అతన్ని తీసుకుపోయి, ఒక్కరోజూ నాగా పెట్టని ఎల్లేశానికి జోడిగా వేశాడు.

బొగ్గు తీసిన చోట పైనున్న రాతిపొర, వాళ్ళ మాటలో రూఫ్, కూలకుండా ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టాలి. ఆ పని ఇద్దరు కలిసి చేస్తారు. సర్దార్ పరీక్ష చేసి పోయినా, దిమ్మె పెట్టేముందు ఎల్లేశం తన ఇనుప పొన్ను కర్రతో రూఫ్‌ను ఇంకోసారి కొట్టి చూసేవాడు. ఎడమ అరచేయి రాతికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. గట్టిగా ఉన్న రాయి ఖంగుమంటుంది. పొర విడిచిన రాయి పగిలిన కుండలా డొల్లగా మోగుతుంది. విన్న తర్వాత ఎల్లేశం నోటి నుంచి రెండు మాటల్లో ఏదో ఒకటి వచ్చేది. "మంచిగున్నది" లేకపోతే "ఆగు." మంచిగున్నది అంటే రఘుపతి దాని కిందికి పోయి పని మొదలుపెట్టాలి. షిఫ్టు మొత్తంలో ఎల్లేశం మాట్లాడేది దాదాపు అంతే.

రఘుపతికేమో నోరు ఆగదు. "చీకటంటే నాకు భయం బిడ్డా. మాట్లాడకుంటే ఆ చీకట్ల నేనున్ననో లేనో నాకే తెల్వకపోయేది," అన్నాడు నాతో. అందుకే చూసి వచ్చిన సినిమాలు చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి రోజే ఎల్లేశం కసిరాడు.

"నోరు మూయి. రూఫ్ ఇనపడ్తలేదు."

"నువ్వు కర్ర లేపినప్పుడు ఆపుత అన్నా. దించినంక చెప్పుకోనియ్యి."

ఒప్పందం కుదిరింది. కర్ర లేస్తే కథ ఆగేది, దిగితే ఆగిన చోటే మొదలయ్యేది. చుట్టుపక్కల పనిచేసేవాళ్ళు "ఎల్లేశన్న ఇంటర్వెల్ ఇచ్చిండు" అని నవ్వుకునేవారు. ఇలా ఆగుతూ సాగుతూ ఒక్కో సినిమాకు మూడు నాలుగు షిఫ్టులు పట్టేది. ఒకసారి రఘుపతి, ఆదివారం తనతో సినిమాకు రమ్మని పిలిచాడు.

"రోజు ఎనిమిది గంటలు చీకట్లనే ఉంటి. సెలవు పూట పైసలిచ్చి మల్ల చీకట్ల కూసోవాల్నా?" అన్నాడు ఎల్లేశం. అతను ఒక్కసారిగా అన్ని మాటలనడం రఘుపతి వినడం అదే మొదలు.

మొదట చెప్పిన అన్నదమ్ముల సినిమా అతనికి ఇప్పటికీ గుర్తుంది. అన్న బడిపంతులు, చీమను కూడా తొక్కడు. తమ్ముడు లారీల అడ్డా దగ్గర పేరుమోసిన రౌడీ. అన్నకు తమ్ముడి పొడ గిట్టదు. చివర్లో అన్న మీదికి వచ్చిన కత్తికి తమ్ముడు అడ్డం పడి, ఆయన ఒళ్ళోనే ప్రాణం విడుస్తాడు. హాల్లో ఆడవాళ్ళతో పాటు రఘుపతి కూడా ఏడ్చాడు. మూడో షిఫ్టుకు కథ కత్తి దాకా వచ్చింది. అక్కడ అతనికి ఒక చిక్కు వచ్చి పడింది.

వాళ్ళ బాయిలో ఒక పట్టింపు ఉండేది. కింద ఉన్నంతసేపూ చావు మాట ఎత్తకూడదు. ఎవరు పోయినా, ఎంత దగ్గరివాళ్ళు పోయినా, పైకి వచ్చి ఎండ తగిలాకే చెప్పుకోవాలి. రఘుపతి పైకి చూశాడు. క్యాప్‌లైటు వెలుగులో రూఫ్ నల్లగా మెరుస్తోంది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది.

"మల్ల?" అన్నాడు ఎల్లేశం. తనంతట తాను అడగడం అదే మొదటిసారి.

"మల్లేముంది అన్నా. కత్తి జబ్బకు తాకింది. దవాఖానల కట్టు కట్టిండ్రు. ఇద్దరు ఇంటికి పోయి అన్నం తిన్నరు."

ఎల్లేశం చాలాసేపు ఆలోచించాడు.

"ఏం కూర?"

"చింతచిగురు పప్పు."

"ఊఁ," అన్నాడు ఎల్లేశం తృప్తిగా, దిమ్మె ఎత్తుతూ.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు రఘుపతి సినిమాల్లో ఎవరూ చావలేదు. నీళ్ళలో మునిగినవాడు ఈత నేర్చుకున్నాడు. ఉరి పడాల్సినవాడికి జడ్జి మేనమామ అని తేలింది. కొట్టుకున్న అన్నదమ్ములందరూ ఇంటికి పోయి అన్నం తిన్నారు. ప్రతిసారీ ఎల్లేశం అదే ప్రశ్న అడిగేవాడు. ఏ కాలానికి తగ్గ కూర ఆ కాలానికి వండేవాడు రఘుపతి. ఒకసారి ఎండాకాలంలో చిక్కుడుకాయ అని దొరికిపోయాడు. "ఈ కాలంల చిక్కుడుకాయ యాడిదిరా?" అన్నాడు ఎల్లేశం. మేనమామ జడ్జి సంగతి మాత్రం అతనికి అనుమానం రాలేదు.

నా ప్రాజెక్టు కోసం చదివిన నవలల్లోనూ అన్నదమ్ములు ఇలాగే ఉన్నారు. ఒకడు నెమ్మది, ఒకడు దుడుకు. ఒకడు ఇల్లు పట్టుకుని ఉంటాడు, ఒకడు గడప దాటి పోతాడు. ఒకే మనిషిలో ఇమడని రెండు గుణాలను రచయితలు ఇద్దరికి పంచి, ఒకే కంచంలో తినిపించి, తర్వాత కొట్లాట పెడతారు. కొట్లాట తీరాలంటే ఒకణ్ణి చంపేస్తారు, ఎక్కువగా దుడుకువాణ్ణే. మొదలు పెట్టడానికి ఇద్దరు కావాలి, ముగించడానికి ఒక్కడు చాలు. మరి ఇద్దరూ మిగిలితే ఆ తర్వాత ఏం చేస్తారన్నది చాలా కథలకు తెలియదు. రఘుపతికి కూడా తెలియదు. అందుకే అన్నం పెట్టి పంపేవాడు.

1997లో రఘుపతి తల్లి పోయింది. ఆ రోజు ఇద్దరిదీ ఫస్ట్ షిఫ్టు. రఘుపతి దిమ్మె మోసుకుని వచ్చేసరికి ఎల్లేశం కర్రతో రూఫ్ కొడుతున్నాడు. కళ్ళు తెరిచి, "ఆగు. డొల్లగున్నది. ఇయ్యాల ఈడ పని వద్దు, పైకి పోదాం," అన్నాడు. పైకి ముప్పావుగంట నడక. దారి పొడుగునా రఘుపతి సినిమా చెబుతూనే ఉన్నాడు. ఎల్లేశం ఆపలేదు, ఊఁ కొడుతూ నడిచాడు. ల్యాంప్‌రూంలో దీపాలు అప్పగించాక, అతన్ని ఎండలో నిలబెట్టి, భుజం మీద చేయి వేసి, తల్లి సంగతి చెప్పాడు. "రూఫ్ డొల్ల మోగబట్టి జల్ది బయటపడ్డ. లేకుంటే మా అవ్వ ఆఖరి సూపు దొరక్కపోతుండె," అని రఘుపతి ఏళ్ళ తరబడి చెప్పుకున్నాడు.

2004లో వాళ్ళ సెక్షన్‌కు యంత్రాలొచ్చాయి. జోడి విడిపోయింది. రఘుపతి నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టుకు, ఎల్లేశం మరో బాయికి మారారు. కానీ రిటైరయ్యాక రెండు వీధుల ఎడంలో ఇళ్ళు కట్టుకున్నారు. రోజూ నాలుగింటికి ఎల్లేశం కర్ర ఊపుకుంటూ వచ్చేవాడు. జమున చిన్నమ్మ చాయ్ పెట్టేది. ఒకాయన మాట్లాడేవాడు, ఒకాయన తాగేవాడు.

పోయిన వానాకాలం ఎల్లేశానికి మోకాలి ఆపరేషన్ అయింది. నెలన్నర మంచం మీదే. మంచానికి ఎదురుగా టీవీ. అరవై ఆరేళ్ళ వయసులో ఆయన మొదటిసారి సినిమాలు చూశాడు. లేచి నడవగలిగిన మొదటి రోజే ఎవరి సాయమూ లేకుండా రెండు వీధులు దాటి వచ్చాడు.

"జోడీ, ఎంతమంది సచ్చిండ్రు?"

"యాడన్నా?" రఘుపతి కాక కంగారుగా వార్తల కోసం రిమోటు వెతికాడు.

"నీ సిన్మాలల్ల. పంతులు తమ్ముడు సచ్చిండు, మొన్న చూసిన. నిన్న ఇంకోటి చూసిన. నీళ్ళల్ల దునికినోడు మల్ల తేలలే. ఈత నేర్చుకున్నడని చెప్పినవ్."

రఘుపతి కాక పకపకా నవ్వాడు. అదీ ఆయన చేసిన తప్పు.

"గది సిన్మానే గదనే అన్నా! బాయిల ఉండి సావు ముచ్చట ఎట్ల చెప్పాలె?"

"నేను మంచిగున్నది అంటే నువ్వు రూఫ్ కిందికి పోయినవ్. ఒక్కనాడన్న మల్ల అడిగినవా?"

"లే."

"నీ మాట కిందికి నేను గూడ గట్లనే వచ్చిన."

రఘుపతి కాక నవ్వు ఆగిపోయింది. ఎల్లేశం కూర్చోలేదు. గోడ ఇవతల పుస్తకం ముందు నేనూ కదల్లేదు.

"నాకు ఒక తమ్ముడున్నడు. పోశం. అచ్చం నీ లెక్కనే, నోరు మూయడు. ఒకనాడు పొలం కాడ లొల్లి అయితే నేనే పొమ్మన్న. పోయిండు. మల్ల రాలే. నువ్వు చెప్పిన తమ్ముల్లందరు ఎంత లొల్లి పెట్టుకున్నా ఇంటికొచ్చి అన్నం తినవట్టిరి. మావోడు గూడ వస్తడనుకున్న. ముప్పై ఏండ్ల సంది అనుకుంటనే ఉన్న."

చాయ్ ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం రఘుపతి కాక ఒక్క మాటే పదే పదే అన్నాడట. "తమ్ముడున్నడట. నాకు తెల్వది." పద్నాలుగేళ్ళు ఒకే రూఫ్ కింద పనిచేశాడు. వందల మంది కల్పిత అన్నదమ్ముల పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. పక్కనున్న మనిషికి తోడబుట్టినవాళ్ళున్నారా అని అడగలేదు. గోదావరిఖనిలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను తమ్మీ అని పిలవడం మామూలు. ఎల్లేశం అతన్ని ఏనాడూ అలా పిలవలేదు, జోడీ అనేవాడు. ఎందుకో ఇప్పుడర్థమైంది.

నాలుగింటి చాయ్ ఆగిపోయింది. ఒక రోజు రఘుపతి కాక తానే వెళ్ళాడు. ఎల్లేశం భార్య సారవ్వ కుర్చీ వేసింది. ఎల్లేశం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "మందులేసుకున్నడు, నిద్రపట్టింది," అంది సారవ్వ, అబద్ధం చెప్పడం అలవాటు లేని గొంతుతో. దసరాకు జమ్మి ఆకు తీసుకుని మళ్ళీ వెళ్ళాడు. పెద్దవాడి చేతిలో ఆకు పెట్టి కాళ్ళు మొక్కితే, లేపి గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ ఇవ్వడం ఆనవాయితీ. ఎల్లేశం ఆకు తీసుకున్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

"సిన్మాల మీద అలిగి మాటలు బందు పెట్టుకున్నోళ్ళను ఈడనే చూస్తున్న. పోరగాండ్లు నయం," అంది జమున చిన్నమ్మ. కాకకు కోపం రాలేదు. టీవీ పెట్టడం మానేశాడు. గోడ అవతల అంత నిశ్శబ్దం నాకు ఊహ తెలిసినప్పటి నుంచి లేదు. జోడి ఇక అయిపోయింది, పోయేటప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరం మాట్లాడుకోకుండానే పోతామని ఆయన చిన్నమ్మతో అన్న మాట ఒక్కటి వినబడింది.

నవంబరులో పింఛను తీసుకునేవాళ్ళు బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ లైనులో సర్దార్ చక్రపాణి కనిపించాడు. ఆయనది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, ఎనభైకి దగ్గర పడ్డాడు.

"ఏమయ్యా రఘుపతీ, బతికే ఉన్నావా?"

"సర్టిఫికెట్ ఇచ్చేదాంక చెప్పలేను సార్."

"నీ జోడీ ఏడీ?"

కాక ఏదో గొణిగి, మాటల్లో మాటగా తను బాయిలో అబద్ధాలు చెప్పిన సంగతి ఒప్పుకున్నాడు. ముసలాయన నవ్వాడు.

"ఎల్లేశం మాత్రం అబద్ధం ఆడలేదా? ఒక్కసారి ఆడాడు. మీ అమ్మగారి కబురు పైనుంచి నాకే వచ్చింది. నువ్వు దిమ్మె కోసం పోయావు. అతనికి చెప్పాను. 'కింద చెప్పకుండ్రి సార్, నేను తోల్కపోత' అన్నాడు. మీరు పోయాక నేను రూఫ్ కొట్టి చూశాను. ఇనుములా ఉంది. మర్నాడు అక్కడే పని చేయించాను."

రఘుపతి కాక లైనులోంచి బయటికొచ్చేశాడు. "సర్టిఫికెట్!" అని సర్దార్ వెనక నుంచి కేకేశాడు. "రేపు గూడ బతికే ఉంట సార్," అని నడుస్తూనే చెప్పాడు.

ఎల్లేశం ఇంటి ముందు చిక్కుడు పందిరి ఒక పక్కకు ఒరిగింది. మోకాలు వంగక ఆయన ఒక్కడే గుంజ నిలబెట్టలేక అవస్థ పడుతున్నాడు. కాక పోయి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ గుంతలో దించారు. ఎల్లేశం రాళ్ళు దట్టిస్తుంటే కాక నిటారుగా పట్టుకుని నిలబడ్డాడు. ఎవరు ఎక్కడ పట్టాలో ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

"అన్నా, మా అవ్వ పోయిన దినం రూఫ్ డొల్ల మోగిందా?"

రాయి పట్టుకున్న చేయి ఆగింది.

"ఎవలు చెప్పిండ్రు?"

"సర్దార్ సారు."

ఎల్లేశం ఆ రాయిని గుంతలో వేసి, ఇంకో రాయి వెతుక్కుని, అది కూడా వేశాడు.

"నీ నెత్తి మీద రూఫ్ ఆ దినం మంచిగ లేకుండె. నాకు తెల్సు, నీకు తెల్వది. గంతే."

"నాది గూడ గంతే గదనే."

"నీది ఒక్కసారి కాదు."

"కాదు," అని ఒప్పుకున్నాడు కాక. గుంజను ఇంకాస్త నిటారు చేసి, "పోశం ముచ్చట నువ్వు చెప్పకపోతివి," అన్నాడు.

"నువ్వు అడగకపోతివి."

"ఇప్పుడు అడుగుతున్న."

"ఇప్పుడు గుంజ పట్టు. వదిలితే నా కాలు మీద పడ్తది."

గుంజ నిలబడింది. ఎల్లేశం కర్ర తీసుకుని దాన్ని రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి విన్నాడు. చిక్కుడు పందిరికి ఆ పరీక్ష అవసరమా అని కాక అడగలేదు. "మంచిగున్నది," అన్నాడు ఎల్లేశం. లోపలి నుంచి సారవ్వ అన్నానికి పిలిచింది.

"నువ్వు గూడ తిని పో," అన్నాడు ఎల్లేశం గడప ఎక్కుతూ, వెనక్కి చూడకుండా.

కాక గడప దగ్గర చేతుల మట్టి దులుపుకుని చెప్పులు విడిచాడు.

"ఏం కూర?"

"చిక్కుడుకాయ," అన్నాడు ఎల్లేశం. "ఇప్పుడు కాలమే."

రఘుపతి కాకకు ఇప్పుడు అరవై నాలుగేళ్ళు. లైఫ్ సర్టిఫికెట్ మర్నాడు ఇచ్చి వచ్చాడు. టీవీ మళ్ళీ పెడుతున్నాడు, ఆఖరి పావుగంట ముందు ఆపి తెల్లచొక్కా వేసుకుంటున్నాడు. ఎల్లేశం మోకాలు ఎక్కువ నడవనివ్వదు కాబట్టి నాలుగింటికి ఈయనే రెండు వీధులు దాటి వెళ్తాడు. అక్కడ ఎల్లేశం చెబుతాడు, ఈయన వింటాడు. పోశం ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో ఇద్దరికీ తెలియదు. ఎల్లేశం చెప్పడం మొదలుపెట్టి ఐదు నెలలైంది. మాటలు అలవాటు లేని మనిషి, కథ మెల్లగా నడుస్తోంది. పోశానికి ఇంకా పన్నెండేళ్ళే.